గోడవైపు తిరిగిన కార్డులు

తాళం తీసి, అలవాటుగా ఎడమ భుజంతో తలుపు నెట్టిన బాబాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అరల మీది కార్డులన్నీ ముందుకు తిరిగి తననే చూస్తున్నాయి.

నీళ్ల పంపుల విడిభాగాలు చేసి అమ్మే ఆ చిన్న కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్లుగా స్టోరు ఆయనదే. నలభైమంది పనివాళ్లకూ బాబాయే. అసలు పేరేమిటో జీతం చీటీ చూస్తేగానీ ఎవరికీ గుర్తురాదు. బక్కపల్చటి మనిషి. మోచేతుల దగ్గర అరిగిపోయిన బూడిదరంగు కోటు, ఒక కాడకి దారం చుట్టిన కళ్లజోడు, ఎంత రుద్దినా గ్రీజు వదలని గోళ్లు. నోట్లో నాలుక లేని మనిషని ఇంటావిడ దెప్పుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ప్రతి డబ్బాకీ ఒక కార్డు, కార్డు మీద ఎన్ని ఉన్నాయో అంకె. కానీ కొన్ని డబ్బాల కార్డుల్ని ఆయన గోడవైపు తిప్పిపెట్టేవాడు. సరుకు ఉంది గానీ నన్నడక్కుండా తీయొద్దు అని దానర్థం. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. ప్రతి శనివారం అవి ఎన్నున్నాయో మాత్రం లెక్కపెట్టుకునేవాడు. మొన్న శనివారానికి నలభై ఒకటి.

నిన్న గుండె పరీక్షకని సెలవు పెట్టాడు. సరిగ్గా నిన్ననే ఆఫీసులోని ఇద్దరు గుమాస్తాలు వచ్చి, సరుకంతా కంప్యూటర్లోకి ఎక్కించడానికి కార్డులు చూసి రాసుకున్నారు. పనిలో పనిగా తిరగబడ్డ కార్డులన్నిటినీ చక్కగా ముందుకు తిప్పి పుణ్యం కట్టుకున్నారు!

ఆ జాబితా మీదే కంపెనీ మూడేళ్ల కంప్యూటర్ ప్రణాళిక నిలబడి ఉంది. సాయంత్రం యజమాని సంతకం పెడుతుంది. రేపు పొద్దున, రెండేళ్లుగా కదలని సరుకంతా తుక్కులోకి పోతుంది. ఊళ్లో ఆసుపత్రిలోని పాత పంపుకి పట్టే పదకొండు రబ్బరు వాషర్లు అందులోనే ఉన్నాయి. ఇప్పుడవి ఎవరూ తయారుచెయ్యడం లేదు. అవి పోయాక ఆ పంపు ఆగిందంటే ఆసుపత్రికి నీళ్లుండవు.

బాబాయ్ మేడమెట్లెక్కి మీటింగు గది తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల, ప్రణాళిక రాయడానికి బయటినుంచి వచ్చిన అమ్మాయి బోర్డు మీద గడులు గీస్తోంది. కొనుగోలు, స్టోరు, అమ్మకం, మధ్యలో బాణాలు. పాత యజమాని కూతురే ఇప్పుడు యజమాని. ఆమె తలెత్తింది.

"ఏంటి బాబాయ్, అక్కడే నిలబడ్డారు?"

"ఏం లేదమ్మా" అని వెనక్కి తిరిగాడు. రెండు మెట్లు దిగాడు. మళ్లీ ఎక్కాడు. "ఆ జాబితా తప్పమ్మా."

"మూడుసార్లు సరిచూశామండీ. కార్డు మీద ఉన్నదే రాశాం" అంది బోర్డు దగ్గరి అమ్మాయి.

"కార్డు మీదున్నది నిజమేనమ్మా. కార్డు ఎటు తిరిగుందో రాయలేదు."

ఆ అమ్మాయి పెన్ను మూతపెట్టింది. ఇంకొకరైతే విసుక్కునేవారు. "పదండి, చూపించండి" అంది.

ఇక చూడాలి! పొద్దంతా ఆయన నిచ్చెన ఎక్కుతూ దిగుతూ, గుర్తు తెచ్చుకుంటూ ఒక్కొక్క కార్డూ గోడవైపు తిప్పాడు. ప్రతిదానికీ ఆమె ఎందుకని అడిగింది. ఆసుపత్రి వాషర్లు మొదటివి. ఈ బోల్టులు చూడ్డానికి బాగానే ఉంటాయి, నెల తిరక్కుండా విరుగుతాయి. ఈ మూతని మేస్త్రీ తప్పు కొలతతో చేశాడు. బయటికిస్తే మన పరువు పోతుంది, పారేస్తే ఆయన నొచ్చుకుంటాడు.

"ఆయన్ని నేను చూడలేదే?"

"రిటైరై ఆరేళ్లయిందమ్మా."

ఆమె పకపకా నవ్వింది. ఆ తర్వాత జాబితా పక్కన కొత్తగా ఒక గడి గీసి, పైన 'కారణం' అని రాసింది. "పెద్ద కంపెనీల ప్రణాళికే తెచ్చి మీకు తగిలించబోయాను బాబాయ్ గారూ. ముందు మిమ్మల్ని అడగాల్సింది."

ఇరవై తొమ్మిదేళ్లలో ఎందుకని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. కళ్లజోడు తీసి, అవసరం లేకపోయినా కోటు అంచుతో తుడుచుకున్నాడు.

సాయంత్రానికి నలభై అయ్యాయి. ఆయన నిచ్చెన పట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"ఇంకోటుందమ్మా. నోటిదాకా వస్తోంది, బయటికి రావట్లేదు."

"రేపు చూద్దాం లెండి. సంతకం కూడా రేపే పెట్టిస్తాను. ఇంటికెళ్లి పడుకోండి."

మర్నాడు స్టోరు తాళంచెవి ఆయన భార్య చేతిలో వచ్చింది. యజమాని కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"నిన్న వచ్చి చెప్పులు విప్పుకుంటూ, 'కిటికీ కింద నీలం డబ్బా, అదే' అని నవ్వారమ్మా. టీ పెట్టుకొచ్చేలోపే..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీకు చెప్పాలేమోనని వచ్చాను."

యజమాని ఆమెను పట్టుకుని భోరుమంది.

ఆమెను ఇంటి దగ్గర దించి, అంత్యక్రియలు అయ్యాక వచ్చి, యజమానీ ప్రణాళిక అమ్మాయీ స్టోరులోకి వెళ్లారు. కిటికీ కింద నీలం డబ్బా ఉంది. అందులో ఏడు ఇత్తడి రింగులు. దేనికి పడతాయో ఎవరికీ తెలియదు. తుక్కు జాబితాలో మాత్రం ఉన్నాయి. ప్రణాళిక అమ్మాయి కాగితం మీద ఆ వరుస దగ్గర పెన్ను ఆపింది.

"కారణం ఏమని రాయను?"

యజమాని కళ్లు తుడుచుకుంది. "బాబాయ్ చెప్పారని రాయండి."

ఆమె అలాగే రాసి, వంగి, నీలం డబ్బా ముందున్న కార్డుని గోడవైపు తిప్పింది.