కూరలకని వెళ్లిన గంట

"అమ్మ రోజూ కూరలకని వెళ్లి గంటన్నర చేస్తోంది. నువ్వు పొద్దస్తమానం చూసేది ఆ వీధులేగా, కాస్త ఓ కన్నేసి ఉంచు," అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ.

ఆమె ఉద్యోగం వీధి కెమెరాల గదిలో. ఎదురుగా పదహారు తెరలు. దొంగతనమో ప్రమాదమో కనబడితే పైవాళ్లకు చెప్పాలి. ఇంట్లో మాత్రం దాన్ని "కూర్చుని సినిమా చూసే ఉద్యోగం" అంటారు.

ఆ సాయంత్రం తొమ్మిదో తెర మీద అత్తగారు కనబడింది. బస్టాపు బల్ల మీద, పక్కన కూరల సంచి, చెప్పులు విడిచి, చిన్నపిల్లలా కాళ్లూపుతూ కూర్చుని ఉంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కటీ ఎక్కదు. ఎవరి కోసమూ చూడదు. ఈ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్లలో ఆవిడ చేతులు ఖాళీగా ఒళ్లో ఉండగా కోడలు చూసింది లేదు. ఇంట్లో కూర్చుంటే చేతిలో చిక్కుడుకాయలో, మనవడి చొక్కా గుండీయో ఉండాల్సిందే. తనూ అంతేగా. చూస్తున్న కొద్దీ ఆమెకు ఏదో దొంగిలిస్తున్నట్టు అనిపించింది. దేవుడు అన్నీ చూస్తాడన్న మాట ఆమెకెప్పుడూ ధైర్యమే ఇచ్చింది. ఆయన చూసినవి వెళ్లి కొడుకులకు చేరవేయడు మరి.

భోజనాల దగ్గర భర్త అడగనే అడిగాడు.

"కనబడిందా?"

"కనబడ్డారు."

"ఎక్కడ? ఎవరితో?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "చెప్పను," అంది.

"మా అమ్మ సంగతి నాకే చెప్పవా?"

"మీ అమ్మగారేగా. ఆవిడనే అడగండి."

"జీతమిస్తే ఊరందరినీ చూస్తావు, మొగుడడిగితే నోరు పెగలదు," అన్నాడు. వంటింట్లో అత్తగారి గరిటె చప్పుడు ఆగింది.

మర్నాడు అత్తగారు బల్ల దాకా వచ్చి, స్తంభం మీది కెమెరా వంక తలెత్తి చూసింది. పైట సర్దుకుని వెళ్లిపోయింది. ఆ మర్నాడూ అంతే. కోడలు నోరు విప్పకపోయినా, చూసిందని తెలియడమే చాలింది.

సెలవు రోజున ఇద్దరూ కూరలు తరుగుతుంటే అత్తగారే తలెత్తకుండా అంది, "తప్పుడు పనేం చెయ్యలేదమ్మా. ఊరికే కూర్చున్నానంతే."

"ఊరికే కూర్చున్నందుకు సంజాయిషీ ఎందుకత్తయ్యా?" కోడలు కత్తి కింద పెట్టింది. గొంతు తగ్గించింది. "మందుల షాపు పక్క సందులో నాలుగు మెట్లున్నాయి. నీడగా ఉంటుంది. మా పదహారు తెరల్లో దేన్లోనూ అవి కనబడవు."

అత్తగారు చేతిలో ఉన్న వంకాయ మొత్తం తరిగింది.

"ఇద్దరం పడతామా అక్కడ?" అంది.