ఏడేళ్ల నాపరాయి

నాపరాతి గనిలో హుసేనప్ప ఆ పొద్దున విప్పిన మొదటి పొర కింద అతని కూతురు సువర్ణ పాదం అచ్చు ఉంది. ఏడేళ్ల పాదం. సువర్ణ పోయి నాలుగు నెలలే అయింది కాబట్టి, పైపొరలో ఉండడంలో వింతేమీ లేదు.

బొటనవేలి పక్కన తుమ్మముల్లు దిగిన మచ్చ కూడా అచ్చులో ఉంది. హుసేనప్ప దాని మీద అరచెయ్యి ఆనిస్తాడు. రాయి కాస్త వెచ్చగా ఉంటుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బండలు విప్పేవాడి చెవి ఊరుకుంటుందా? సుత్తితో తట్టి చూస్తాడు, రాయి ఖంగుమంటుంది. ఖంగుమన్న రాయిని విప్పకుండా వదిలింది అతని జన్మలో లేదు. ఉలి పెడతాడు.

రెండో పొరలో ఆరేళ్ల పాదం. మూడో పొరలో ఐదేళ్లది, చెప్పు తెగి ఒంటికాలితో గెంతుతూ ఇంటికొచ్చిన రోజుది. విప్పిన పలకలన్నీ గట్టుకు వరసగా నిలబెడతాడు.

అన్నం క్యారియర్ తెచ్చిన భార్య సుంకులమ్మ వాటిని చూసి కూలబడుతుంది. ఎండ తగిలినచోటల్లా అచ్చులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఏడేళ్ల పాదానికి అప్పుడే మడమ లేదు. కొంగు కప్పుతుంది. కొంగు కింద కూడా రాలుతూనే ఉన్నాయి.

"ఇంగ చాలయ్యా," అంటుంది. "మూసిపెట్టు. మూసింటేనే ఉంటాది బిడ్డ."

"మోగుతాంది మే. లోపల ఇంగా ఉంది."

కిందికి పోయేకొద్దీ పాదాలు చిన్నవవుతాయి, రాయి వేడెక్కుతుంది. తప్పటడుగుల దగ్గర నాపరాయి చలవరాయిగా మారిపోయింది. ఆ వేడికి వేళ్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. దాని కింద పాకిన అరచేతులు. ఆ కింద రాయి ఎర్రగా కరిగి ఉంది. అందులో ఎవరి అచ్చూ లేదు. సువర్ణ ఇంకా పుట్టలేదు.

హుసేనప్ప వెనక్కి తిరుగుతాడు. గట్టున పలకలు లేవు, కొన్ని పిడికిళ్ల మట్టి ఉంది. బిడ్డను రెండోసారి, ఈసారి తన చేతులతోనే పోగొట్టుకున్నాడు. సుత్తీ ఉలీ గట్టున పడేసి వెక్కివెక్కి ఏడుస్తాడు.

వాన మొదలవుతుంది. కరిగిన రాయి చల్లారి నల్లగా గడ్డకడుతుంది. గుంటలో నీళ్లు నిలుస్తాయి. సుంకులమ్మ గట్టున ఉన్న మట్టిని ఒక్క రేణువు వదలకుండా చేతులతో ఎత్తి ఆ నీళ్లలో కలుపుతుంది.

మళ్లీ బండ కావాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడుగుతుంది. ఈ కొండలన్నీ అరిగి వచ్చి పైన పడాలని అతను చెబుతాడు.

"సరే, కూచుందాం," అని సుంకులమ్మ నీళ్లలోకి దిగుతుంది. అతనూ దిగి పక్కన కూర్చుంటాడు.

కొండలు ఒక్కొక్కటే అరిగి వస్తాయి. బురద ఒడి నిండి, చంకల దాకా పేరుకుంటుంది. పాత అలవాటు కొద్దీ హుసేనప్ప వేలితో భార్య భుజం మీద తడతాడు.

ఖంగుమంటుంది. లోపల ఎవరో చిన్న పాదాలతో నడుస్తున్నారు.

ఉలి చేతికి అందేంత దూరంలోనే ఉంది. హుసేనప్ప ఆ చేతిని బురదలో పాతిపెట్టి, కదలకుండా వింటాడు.