కుడికాలి కొలత

ఆ రోజు కూడా కొట్టు తెరవగానే టైలరు ముందు తన పంట్లాం ఎడమకాలి అంచు కిందికి లాక్కుని, ఆ తర్వాతే బల్ల మీది గుడ్డ దులిపాడు. సాయంత్రం విమానం ఎక్కాల్సిన మనిషి. అయినా పొద్దున్నే వచ్చి మిషనుకి నూనె వేస్తూ కూర్చున్నాడంటే ఏమనాలి? ఏమీ అనకూడదు, చూసి నేర్చుకోవాలంతే.

అతని భార్య కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతోంది. ఆమె సర్దిన పెట్టె గోడవార నిలబడి ఉంది. ఈ ఒక్కరోజూ కొట్టు తియ్యకపోతే కొంపలేం మునిగిపోవని ఇంటి దగ్గరే చెప్పి చూసింది. ఇవాళ ఇస్తానన్న కోటు ఇవాళ ఇవ్వాల్సిందే అని అతను చెప్పులేసుకున్నాడు. ఇంకేం మాట్లాడుతుంది పాపం, వెనకే వచ్చేసింది.

అతని ఎడమ మడమ నేలకి ఆనదు. చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక, మడమ వెనకాల తాడులా ఉండే స్నాయువు బిగుసుకుపోయింది. అప్పటినుంచీ ఆ పాదం మునివేళ్ల మీదే నిలుస్తోంది. ఆ మునివేళ్లతోనే మిషను తొక్కాడు, ఇల్లు నడిపాడు. కాలర్ మూల తిప్పేచోట అతను మిషను ఆపే తీరు చూసి తీరాలి. సూది గుడ్డలోకి దిగి సరిగ్గా అక్కడే ఆగుతుంది, ఒక్క పోగు అటూ ఇటూ కాదు.

కాలు సాయపడింది గానీ, మడమని మాత్రం అతను ఎవరికీ చూపించలేదు. తన పంట్లాలన్నీ ఎడమకాలు వేలెడు పొడుగ్గా కుట్టుకున్నాడు. మనిషి కాస్త ఎగిరి నడుస్తాడని అందరికీ తెలుసు. గాల్లో వేలాడే ఆ మడమని మాత్రం భార్య తప్ప ఎవరూ చూసి ఎరగరు.

ఈమధ్య ఆ పిక్క పట్టేస్తోంది. బరువంతా మోసిమోసి కుడి మోకాలు కూడా మొరాయిస్తోంది. ఈ వయసులో మడమ దించే ఆపరేషను మేం చెయ్యమని ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేశారు. పరాయి దేశంలో ఓ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే బావమరిది ఊరుకోలేదు, అక్కడి సర్జనుని పట్టుకుని ఫోన్లో మాట్లాడించాడు. స్నాయువుని కోసి పొడుగు చేస్తామన్నాడు సర్జను. మడమ పూర్తిగా దిగుతుందని మాత్రం మాటివ్వలేనన్నాడు.

“బావా, నువ్వు అందరి పంట్లాలూ పొడుగు చేసినట్టే వాళ్లు నీ నరం పొడుగు చేస్తారు. కాకపోతే నువ్వు లోపల మడతలో గుడ్డ దాచుకోలేదు, అదొక్కటే తంటా” అని బావమరిది ఆటపట్టించాడు. టైలరు కడుపుబ్బా నవ్వాడు. నవ్వాక ఒక్కటే అడిగాడు, కోసేముందు సరిగ్గా కొలుస్తారా అని.

ఆ ప్రశ్న అతనే అడగాలి. కొలవందే కత్తెర పట్టని మనిషి మరి! మా ఆయనది మీ అంతే ఒళ్లు, కుట్టెయ్యండి అని వచ్చినావిణ్ని, ఆయన్ని వెంటబెట్టుకు రమ్మని పంపించేసిన మొండిఘటం.

మధ్యాహ్నానికి కోటు తాలూకు మనిషి వచ్చి పట్టుకెళ్లాడు. అప్పుడు టైలరు అరలోంచి బూడిదరంగు గుడ్డ తీశాడు. తిరిగొచ్చాక తను తొడుక్కునే పంట్లాం. కుడికాలు చకచకా తయారైంది. ఎడమకాలి దగ్గర చెయ్యి ఆగిపోయింది. సుద్దతో గీత గీశాడు, చెరిపాడు. మళ్లీ గీశాడు, మళ్లీ చెరిపాడు.

భార్యకి అర్థమైంది. సూది పక్కన పెట్టి లేచొచ్చింది.

“లోపల గుడ్డ వదలండి. దిగకపోతే విప్పుకోవచ్చు.”

ఆ మాటలో తప్పేముంది? ఏ టైలరైనా అదే చేస్తాడు. అతనూ అందరికీ అలాగే వదిలాడు. పెరిగే పిల్లలకీ, లావయ్యే పెద్దలకీ, రేపటి గురించి ఎవరికి తెలుసు అని. బల్లకి ఆనుకుని కాసేపు తన కాలి వంక చూసుకున్నాడు. తర్వాత కుడికాలి గుడ్డని ఎడమ దాని మీద పరిచి, అంచుకి అంచు కలిపి, కత్తెర ఆడించాడు. వేలెడు ముక్క తెగి కింద పడింది.

“కొలవకుండా కోసేశారేంటండీ?” అందామె. ఆ మడమ దిగకపోతే ఈ పంట్లాం ఇక అతనికి పనికిరాదు.

“కుడికాలు ఉందిగా కొలతకి” అన్నాడతను.

ఆమెకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో ఈ మనిషి ధైర్యాన్ని ఇంత దగ్గరగా చూడలేదు. అతను మిషను ముందు కూర్చుని ఆ మునివేళ్లతోనే అంచులు రెండూ కుట్టాడు. ఆమె ఇస్త్రీ చేసింది.

టాక్సీ వచ్చి ఆగింది. ఇద్దరూ వెళ్తే కొట్టు మూతపడుతుందని, అక్కడ తన తమ్ముడున్నాడుగా అని ఆమె ఉండిపోతోంది. కుట్టవలసినవేవో చెప్పి అతను గడప దాటాడు. మెట్టు దిగుతుంటే ఒంటిమీది పాత పంట్లాం పైకి జరిగి మడమ బయటపడింది. వీధిలో జనం ఉన్నారు. అతను అంచు కిందికి లాక్కోలేదు.

టాక్సీ మలుపు తిరిగేదాకా చూసి ఆమె లోపలికొచ్చింది, కిందపడ్డ ముక్కని ఊడ్చేసింది. గోడకున్న కొక్కేనికి బూడిదరంగు పంట్లాం వేలాడుతోంది, రెండు కాళ్లూ ఒకే ఎత్తున.