ఐగుప్తు మరియ అడిగిన మాట

ఇలా రా సాహిత్యా, ఆ కుర్చీ హీటరు పక్కకి లాక్కుని నా దగ్గర కూర్చో. ఇందాక నీ స్నేహితురాలి సంగతేదో చెప్పబోయి, "అమ్మమ్మా, ఎవరికీ చెప్పనని ప్రామిస్ చెయ్యి" అన్నావు. ఆ పిల్లకి ప్రాణం మీదికి వచ్చేదైతే చెప్పు. కాదంటావా, నీ దగ్గరే ఉంచు. మీ అమ్మ పోర్ట్‌లీష్ ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చేలోపు నేనే నీకొకటి చెబుతాను.

నువ్వప్పుడు చిన్నదానివి. మన తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక క్లాండాల్కిన్ పేటలో ఒక గోడౌను మేడమీద జరిగేది. కింద టైర్ల వాసన, పైన మన కీర్తనలు. సంఘపెద్ద ఆమోసు గారు. వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, ఆదివారం ప్రసంగం. అక్కడికి ఒకామె వచ్చేది. పేరు చెప్పను, చెల్లి అందాం. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు పోసే పని. డ్యూటీ దిగి నేరుగా వచ్చి, వెనక వరుసలో కూతురి భుజం మీద తల ఆనించి కునికేది.

ఒకసారి ఇద్దరం టీ కప్పులు కడుగుతూ ఉంటే ఐగుప్తు మరియ కథ చెప్పాను. నేను కాన్వెంటులో ఆయాగా చేసిన రోజుల్లో ఒక ముసలి సిస్టర్ నాకు చెప్పిన కథ. ఈ మరియ ప్రభువు తల్లి కాదు, ఐగుప్తు దేశంలో ఒళ్ళమ్ముకుని బతికిన మనిషి. యెరూషలేములో గుడి గడప దాటబోతే ఎవరో అడ్డం నిలబడ్డట్టు లోపలికి పోలేకపోయింది. ఏడ్చి ఏడ్చి, మూడు రొట్టెలు కొనుక్కుని, యొర్దాను నది దాటి ఎడారికి పోయింది. నలభై ఏడేళ్ళు అక్కడే. బట్టలు చివికిపోయాయి, జుట్టు ముగ్గుబుట్టయింది. ఒకనాడు ఒక ముసలి సన్యాసి ఎదురైతే, ఆయన పైబట్ట అడిగి కప్పుకుని తన బతుకంతా చెప్పింది. ఆమె పోయాక సింహం వచ్చి గొయ్యి తీసింది.

సింహం దగ్గర పిల్లలు చప్పట్లు కొడతారు. చెల్లి కొట్టలేదు. కుళాయి కట్టేసి, "నేనూ అలాంటిదాన్నే ఆంటీ. పదకొండేళ్ళు ఆ బతుకే" అంది.

తప్పు అక్కడ చేశాను. మనలో ఒక అలవాటుంది. ఎవరి గుట్టయినా సరే, "ప్రార్థనలో పెట్టండి" అని తోక తగిలిస్తే అది చాడీ కాదనుకుంటాం. ఆమె కోసం ప్రార్థించమని ఆమోసు గారి చెవిలో వేశాను.

కొన్నాళ్ళకు చెల్లి బాప్తిస్మం నిశ్చయమైంది. నీళ్ళలో దిగేముందు నిలబడి సాక్ష్యం చెప్పడం మన పద్ధతి. ఆ ఆదివారం ఆమోసు గారు మైకు పట్టుకుని, "మన సిస్టర్‌ని ప్రభువు ఎలాంటి బురదలోంచి లేపాడో ఏమీ దాచకుండా చెబుతారు. విని పదిమంది మారాలి!" అన్నారు.

చెల్లి లేచి నావైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. డ్యూటీ దిగిన మనిషిని మళ్ళీ డ్యూటీకి రమ్మంటే చూస్తుందే, అలా చూసింది. పక్కన పదేళ్ళ కూతురు అమ్మ ఏం చెబుతుందా అని ముఖం పైకెత్తి కూర్చుంది. ఆ పిల్లకు ఏమీ తెలియదు.

మోకాళ్ళు పట్టేసినా లేచాను. "ముందు నేనొక మాట చెప్పుకోవాలండీ."

"అమ్మగారూ, మీ సాక్ష్యం పోయిన వారమే అయింది కదా!"

"అందులో కొంచెం మిగిలిపోయింది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మరియ కథ ఎత్తుకున్నాను. సింహం తొందరలో పడి ఎప్పుడూ వదిలేసే ముక్క ఈసారి చెప్పాను. బతుకంతా చెప్పాక ఆమె ఆ ముసలాయన్ని ఒక్కటే అడిగింది, "నేను పోయేదాకా ఇది ఎవరికీ చెప్పకు" అని. ఆయన మఠానికి తిరిగిపోయి ఏడాదంతా నోరు కట్టుకున్నాడు.

"ఆయన దాచాడు, నేను దాచలేదు. ఒకరు నమ్మి చెప్పిన మాట మోసుకెళ్ళి ఇంకొకరి చెవిలో పోశాను. అదీ నా పాపం" అన్నాను. అందరి కళ్ళూ నామీదికి తిరిగాయి. తిరగాలనే లేచాను.

ఆమోసు గారు గొంతు సవరించుకున్నారు. "ఇది బైబిల్లో ఉందా అమ్మగారూ?"

"లేదు నాయనా. పోయిన వారం మీరు చెప్పిన విమానం కథ కూడా లేదు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెడ్డమనిషి కాదులే. మైకు దించి, "సిస్టర్, మీరు చెప్పాలనుకున్నంతే చెప్పండి" అన్నారు.

"చాలా అలిసిపోయి వచ్చాను. ప్రభువు వద్దనలేదు. అంతే" అని చెల్లి కూర్చుంది.

"మమ్, అంతేనా?" అని కూతురు అడిగింది. తల్లి తలూపింది. "గ్రాండ్" అని, ఇక్కడి పిల్లలు సరేననే మాటే అనేసి, ఆ పిల్ల తల్లి భుజం మీద వాలింది.

బాప్తిస్మం జరిగింది. తర్వాత కూడా చెల్లి నా పక్కన నిలబడి కప్పులు కడిగేది. వాన గురించి, ఆలస్యంగా వచ్చే బస్సు గురించి మాట్లాడేది. తన మాట మాత్రం ఒక్కటీ మళ్ళీ నా దగ్గర పెట్టలేదు. పెట్టమని అడిగే మొహం నాకూ లేదు. వేరే ఊళ్ళో పని దొరికి తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయారు. ఏ ఊరో చెప్పను.

నాకు ఓపిక తగ్గిపోతోంది తల్లీ. ఈ కథ నువ్వు గుర్తుపెట్టుకో. రొట్టెలు ఎన్నో మర్చిపోయినా ఫరవాలేదు, సింహం రాకపోయినా ఫరవాలేదు. మరియ అడిగిన ఆ మాట మాత్రం వదలకుండా నీ పిల్లలకి చెప్పు. చెల్లి ఎవరని అడిగితే, మా అమ్మమ్మ చెప్పలేదు అను.