గాలి పెంచిన నీళ్ళు

గేట్లాయనకు ఫోన్ వచ్చిందంటే బాగున్నావా అని అడగడానికి మాత్రం కాదు. ఒడ్డు మీద ఇళ్ళవాళ్ళయితే నీళ్ళు తగ్గించమంటారు, ఊళ్ళోవాళ్ళయితే చుక్క కూడా వదలొద్దంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఊరి పక్కన ఎవరూ తవ్వకుండా దానంతటదే ఏర్పడిన సరస్సుకు, నీళ్ళు బయటికి పోయే కొసన గేట్లు కట్టి, పక్కనే కొలబద్ద పాతి, ఈయన్ని కాపలా పెట్టారు. ఎండలు ముదిరితే ఊరంతా తాగేది ఆ నీళ్ళే. అందుకని వానాకాలం చివర్లో సరస్సును నిండుగా నిలపాలి. కొలబద్ద మీది ఎర్రగీత దాటితే మాత్రం గేట్లు ఎత్తాలి. చెప్పుకోవడానికి ఇంతే ఉద్యోగం, చేసేసరికి మనిషి సగమయ్యాడు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. అవతలి ఒడ్డు నుంచి గాలి బలంగా వీచిందా, సరస్సులో నీళ్ళన్నీ ఈ కొసకు ఎగదోసుకొస్తాయి. కొత్తగా చుక్క చేరకపోయినా కొలబద్ద మాత్రం పెరిగిందంటుంది. గాలి పడిపోగానే నీళ్ళు వాటంతట అవే వెనక్కి సర్దుకుంటాయి. కాబట్టి గాలిలో కొలత చూడకూడదు, ఆగాలి. ఆ ఒడ్డున పుట్టిన వాళ్ళెవరికీ ఈ సంగతి చెప్పనక్కర్లేదు. దూరాన ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు మాత్రం ఇక్కడి గాలి ఫోన్లో కనబడదు కదా.

గేట్లాయన అక్క ఇల్లు కూడా ఈ కొసనే. బావకు పడవ ఉంది, అవతలి ఒడ్డుకు మనుషుల్ని దాటిస్తాడు. గాలి లేచినప్పుడల్లా వాళ్ళ వంటింట్లోకి నీళ్ళు వస్తాయి. అక్క చీపురుతో బయటికి తోస్తుంది, అవి మళ్ళీ వస్తాయి. ఆమె వచ్చి గేట్లు ఎత్తమనడం, ఈయన కుదరదనడం, ఆమె నాలుగు తిట్టి ఇంటికి పోయి మళ్ళీ చీపురు పట్టడం ఏటా ఉన్న తంతే.

ఆ ఏడు వానలు ఇక తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క మోకాళ్ళదాకా తడిసిన బట్టలతో గేట్ల పక్కనున్న ఆయన గదికి వచ్చింది. చీపురు చేతిలోనే ఉంది.

“పొయ్యి కిందికి వచ్చేశాయిరా. ఒక్క జానెడు తగ్గించు.”

“వేసవికి నీళ్ళొద్దా అక్కా?”

“ఇంకో వాన పడకపోతుందా? ఊరందరి గొంతులూ గుర్తుంటాయి నీకు, మా వంటిల్లు గుర్తుండదు.”

పొద్దుట్నుంచీ ఫోన్లో ఎంతమందికి సమాధానం చెప్పాడో. కిటికీలోంచి చూశాడు. నీళ్ళు ఎర్రగీత దాటి ఉన్నాయి. ఆ వెనక చెట్లు వంగిపోయి ఊగుతున్నాయి. రెండూ చూశాడు. చూసి, ఆఫీసుకు ఫోన్ చేశాడు.

“ఎర్రగీత దాటింది సార్.”

“దాటితే ఎత్తెయ్యవయ్యా, రూలుందిగా.”

అబద్ధం చెప్పాడా అంటే లేదు. నిజం చెప్పాడా అంటే అదీ లేదు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా చెట్లవైపు వీపు పెట్టి గేటు చక్రం తిప్పాడు. ఓ గంట వదిలి దించేద్దామనుకున్నాడు. అక్క వెళ్ళిపోయింది, ఫోన్ కూడా ఎందుకో మోగలేదు. ఒక్క క్షణం నడుం వాలుద్దామని పడుకున్న మనిషి తెల్లారేదాకా లేవలేదు. లేచేసరికి గాలి లేదు, నీళ్ళు ఎర్రగీతకు ఎక్కడో కిందున్నాయి. పరుగెత్తి గేట్లు దించాడు. పోయిన నీళ్ళు పిలిస్తే వస్తాయా?

ఆ ఇంకో వాన పడలేదు.

ఎండలు ముదిరాయి. ఊళ్ళో కుళాయిలు రోజు విడిచి రోజు వస్తున్నాయి. సరస్సు ఒడ్డు విడిచి లోపలికి జరిగిపోయింది. ఆఫీసువాళ్ళు ఒక్క మాట అనలేదు, పైగా రూలు తప్పలేదని మెచ్చుకున్నారు. నాలుగు తిట్టి ఉంటే ఆయనకు కాస్త హాయిగా ఉండేది.

ఒకరోజు అక్క వచ్చింది. “పడవ బురదలో కూరుకుపోయిందిరా. మీ బావ ఒక్కడివల్ల కావట్లేదు, వచ్చి ఓ చెయ్యి వెయ్యి.”

చెప్పులు గట్టున వదిలేసి ఇద్దరూ బురదలోకి దిగారు. కొంత దూరం పోయాక అక్క అంది: “ఆ రోజువి గాలి నీళ్ళేరా. తెల్లారేసరికి అవే పోయేవి.”

ఆయన ఆగిపోయాడు. “నీకు తెలుసా?”

“నేను మాత్రం ఈ ఒడ్డున పుట్టలేదా?”

“మరి తెలిసీ ఎందుకడిగావు?”

“తోసీ తోసీ ప్రాణం విసిగిపోయింది. ఎవరినో ఒకరిని నాలుగు తిట్టాలనిపించింది. నువ్వెలాగూ కుదరదంటావుగా.” బురదలోంచి కాలు లాక్కుంటూ అంది: “ఆ ఒక్కరోజూ ఎందుకు అన్లేదురా?”

“ఓపిక లేకపోయిందక్కా.”

అవతల బావ తాడు భుజాన వేసుకుని ఎదురుచూస్తున్నాడు. తాడు కొస తమ్ముడి చేతికిచ్చి ఆమె పడవ వెనక్కి వెళ్ళింది. నీళ్ళు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి.