వినడానికి వచ్చినవాళ్ళు

అమలాపురంలో డ్వాక్రా సంఘాల నాయకురాళ్ళకు శిక్షణ ఇచ్చే ప్రసన్నకుమారికి ఒక కోరిక ఉండేది. చీరల మీదా కాదు, నగల మీదా కాదు. తను చేసే పని గురించే చదివి, ఆలోచించి, పరిశోధన చేసే మనిషి ఎవరైనా ఒక్కసారి ఎదురుగా కూర్చుంటే బాగుండునని. అడగడానికి ఆమె దగ్గర ఉన్నది ఒకటే ప్రశ్న. ఏళ్ళ తరబడి దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

ఆ ప్రశ్న కనకరత్నం గురించి. రాజోలు అవతల ఓ పల్లెలో కొబ్బరికాయలు ఒలిచే కూలిపని ఆమెది. శిక్షణకు వచ్చిన మొదటిరోజు పేరు చెప్పమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అలాంటి మనిషి మండల సమాఖ్య అధ్యక్షురాలై, కాలువకు నీళ్ళు ఆపేసిన వేసవిలో ఊరికి మంచినీళ్ళు లేవని అధికారుల మీటింగులో మైకు పుచ్చుకుని మాట్లాడింది. మర్నాటికల్లా ఊళ్ళోకి ట్యాంకరు వచ్చింది. వెనక నిలబడి విన్న ప్రసన్నకుమారికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

తర్వాత పదవీకాలం అయిపోయింది. వేరొకరు అధ్యక్షురాలయ్యారు, కనకరత్నం మళ్ళీ కొబ్బరికాయల దగ్గరికి వెళ్ళింది. ఆ గొంతు మాత్రం ఏమైపోయిందో తెలియలేదు. సంఘం మీటింగుకు వస్తే ఓ మూల కూర్చుని, సంతకం పెట్టి వెళ్ళిపోతుంది. ఒక్క కనకరత్నమే కాదు, అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. నాయకురాళ్ళను తయారుచేయడం ప్రసన్నకుమారికి వచ్చు. దిగిపోయాక వాళ్ళు ఎందుకిలా అయిపోతారన్నదే అంతుపట్టదు. మేలు చేశానా, ఆశ చూపించి వదిలేశానా అని ఒక్కోసారి చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా గుర్తొచ్చి మనసంతా దిగులైపోయేది.

అందుకే విశాఖపట్నం నుంచి పరిశోధకులు వస్తున్నారని, శిక్షణ ఇచ్చేవాళ్ళతో ఒక రోజంతా కలిసి కూర్చుంటారని కబురు రాగానే ఆవిడకి కాలు నిలవలేదు. వాళ్ళకి పెద్ద దుర్గాశ్రీనివాస్ గారు. మనిషిలో నాయకత్వం ఎలా పుడుతుంది, ఎలా నిలుస్తుందన్నదే ఆయన చదువంతా. ప్రసన్నకుమారి స్వయంగా ఫోను చేసి కనకరత్నాన్ని పిలిచింది. పెద్దవాళ్ళు వస్తున్నారు, తప్పకుండా రావాలంది.  "ఆయ్, వస్తానండి" అని అవతల నుంచి వినిపించింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నంతా పరిశోధకులు తెర మీద ఏవేవో చూపించి వివరించారు. భోజనాలయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవాలని ఏర్పాటు. అసలు పని అదే. కానీ మధ్యలో ఆ భోజనమొకటి ఉందే! చుట్టం విస్తరి ముందు కూర్చున్నాడంటే మన కోనసీమ వాళ్ళకి ఇంక లోకం కనబడదు. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించే జాతి మనది. పనసపొట్టు కూర మారు వచ్చింది, చేపల పులుసు మళ్ళీ మళ్ళీ వచ్చింది. శిక్షకుల్లో ఒక్కరూ కూర్చోలేదు. వచ్చినవాళ్ళతో పాటు మనమూ కూర్చుని తినేస్తే ఏం బాగుంటుంది? పరిశోధకులు పాపం వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటూ తిన్నారు.

"మీరూ కూర్చోండమ్మా, మాట్లాడుకుంటూ తిందాం" అన్నారు దుర్గాశ్రీనివాస్ గారు.

"మీరు కానివ్వండి, మాదేముందండి" అంది ప్రసన్నకుమారి, పులుసు గిన్నె చేత్తో పట్టుకుని. ఆ పిలుపు కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మనిషి!

అవతలి వరసలో పెరుగు అందలేదని ఎవరో అన్నారు. ఇస్త్రీ చీర కట్టుకుని గోడవారగా నిలబడ్డ కనకరత్నం ప్రసన్నకుమారి కంటబడింది. కాస్త ఆ పెరుగు సంగతి చూడమని గరిటె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. కనకరత్నం పమిట బొడ్లో దోపుకుని వడ్డించడం మొదలుపెట్టింది.

భోజనాలు ముగిసేసరికి పొద్దు వాలింది. ఆ తర్వాత శాలువాలు, కొబ్బరిబొండాలు, అందరూ కలిసి ఫోటో. గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు. రాజమండ్రిలో రైలు అందదని డ్రైవరు తొందరపెట్టాడు.

కారు దగ్గర దుర్గాశ్రీనివాస్ గారు కాస్త ఆగారు. "మర్యాదకి ఏ లోటూ లేదండి. కానీ మేం వచ్చింది వినడానికి. పదవి దిగిపోయినవాళ్ళు ఏమవుతున్నారో మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇక్కడ ఎవరైనా చెబుతారని ఆశపడ్డాను."

 ప్రసన్నకుమారి ఒక్క నిమిషం ఆగమని పరుగున వెళ్ళి కనకరత్నాన్ని వెంటబెట్టుకొచ్చింది. గిన్నెలు కడుగుతున్నదల్లా తడిచేతులు తుడుచుకుంటూ వచ్చిందామె. ఫలానా అని చెప్పేలోపే ఆయన నమస్కారం పెట్టి, పెరుగు చాలా బాగుందమ్మా అన్నారు. ఆయన్ననడానికేముంది, ఆయన చూసింది అదే. సంతోషమండి అంది కనకరత్నం. కారు వెళ్ళిపోయింది.

కనకరత్నాన్ని బస్సెక్కించడానికి ప్రసన్నకుమారి కూడా వెళ్ళింది. ఇద్దరూ రాజోలు బస్సు కోసం నిలబడ్డారు. ప్రసన్నకుమారికి ఏడుపొచ్చినంత పనైంది. ఇంక ఉండబట్టలేక అడిగేసింది.

"రత్నంగారూ, దిగిపోయాక మీరు మాట్లాడ్డం ఎందుకు మానేసేరండి?"

ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరెవరినో అడగాలని తపించిందే గానీ, ఈమెనే ఎప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది.

"నేను మానలేదండి. అడిగేవాళ్ళే మానేసేరు" అంది కనకరత్నం. "మీరు ఫోను చేసిన కాణ్ణించీ ఏం చెప్పాలో అనుకుంటానే ఉన్నానండి. కాయలు ఒలుస్తా అనుకున్నాను. బస్సులో అనుకుంటా వస్తుంటే పక్కావిడ చూసి నవ్వింది కూడాను."

అవేమిటో ఇప్పుడు చెప్పమని ప్రసన్నకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది. ఈలోగా బస్సు వచ్చి ఆగింది. కనకరత్నం నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని మెట్టెక్కి, వెనక్కి తిరిగింది.

"మేడంగారండీ, ఈసారి వడ్డనకైతే వడ్డనకనే చెప్పి పిలవండి. తప్పకుండా వస్తాను. ఆశ పెట్టుకోకుండా వస్తాను."