టీచరు ఏం చేస్తోంది?

“వంటింట్లో ఫోటోలేంటి నీకు, పిచ్చి కాకపోతే!” అంటూనే భర్త ఫోను అందుకున్నాడు. ఆమె స్టవ్ ముందు గరిటెతో నిలబడితే ఒకటి తీశాడు. బట్టలు ఉతుకుతుంటే ఒకటి, నేల తుడుస్తుంటే ఒకటి, ఇస్త్రీ చేస్తుంటే ఒకటి. కూర్చున్నది, తింటున్నది, పడుకున్నది కూడా కావాలండీ అంటే, “అవన్నీ నేనెప్పుడు చూశాను కనుక?” అన్నాడు. పెద్ద జోకు వేశాననుకున్నాడు. హాల్లోంచి అత్తగారు కూడా నవ్వారు.

ఫోటోలు సరదాకి కావు. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లల బడిలో ఆమె మాటలు నేర్పుతుంది. అందరూ పిట్ట అని పిలిచే పన్నెండేళ్ళ పిల్లకి కుర్చీ, బంతి, బస్సు, ఇలా పేర్లన్నీ వచ్చు. ఎవరేం చేస్తున్నారో మాత్రం చెప్పలేదు. గీసిన బొమ్మలు చూపిస్తే మొహం తిప్పుకుంటుంది, టీచరు ఫోటో అయితే పక్కకొచ్చి కూర్చుంటుంది. పరీక్షలో మూడు ఫోటోలకి మూడు వాక్యాలు చెబితే ఈ తరగతిలోనే ఉంచుతారు. లేదంటే కవర్లు అతికించే గదికి పంపేస్తారు. అక్కడ ఆ పిల్లని మాట్లాడమని అడిగేవాళ్ళుండరు.

మూడు వారాలు అదే పని. “టీచరు ఏం చేస్తోంది?” అని అడగడం, జవాబు కోసం పది అంకెలు మనసులో లెక్కపెట్టుకుంటూ ఆగడం. ఒకరోజు తొమ్మిదో అంకె దగ్గర “టీచల్ తుదుత్తోంది” అని వచ్చింది. ఆ వెనకే వండడం వచ్చింది, ఉతకడం వచ్చింది. సంతోషం పట్టలేక ఇంట్లో చెబితే, “ఒక్క ముక్కకి మూడు వారాలా? దీనికి జీతం కూడానా!” అన్నాడు భర్త. ఆమె నోరు తెరిచేలోగా టీవీ సౌండు పెంచేశాడు.

పరీక్ష పెట్టడానికొచ్చినావిడ, కుర్చీలో కూర్చున్న స్త్రీ ఫోటో చూపించింది. “తుదుత్తోంది” అంది పిట్ట ధీమాగా. భోంచేస్తున్న స్త్రీని చూసి “వందుతోంది” అంది. నిద్రపోతున్న స్త్రీని చాలాసేపు చూసి, “ఉతుకుతోంది” అంది.

“బట్టీ పట్టించినట్టున్నారు మేడమ్. సోమవారం ఇంకొక్కసారి చూస్తాను, అంతే” అని ఆవిడ మూడు సున్నాలు వేసింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. బస్సులో ఇంటికొచ్చేదాకా మండుతూనే ఉంది. కాసేపు ఆవిడ మీద, కాసేపు భర్త మీద, చివరికి తన మీద. పిట్ట చెప్పినదాంట్లో తప్పేముంది? ఆడమనిషి అంటే ఏం చేస్తుందో తను చూపించిందే కదా ఆ పిల్ల చెప్పింది! పదకొండేళ్ళ కాపురంలో తను కూర్చుని తింటున్న ఫోటో ఒక్కటి లేదు. పుట్టినరోజుల ఫోటోల్లో కూడా ఎవరికో ప్లేటు అందిస్తున్న సగం భుజమే పడి ఉంటుంది. అసలు తను తినేదెప్పుడు? అందరూ లేచాక సింకు పక్కన నిలబడి నాలుగు ముద్దలు మింగుతుంది, ఐదో ముద్దకి ఎవరో పిలుస్తారు. తను ఇలా బతకడం తన ఖర్మ అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. దానికి పిట్ట కవర్లు అతికించాలా?

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ వడ్డించి, మూడో కంచం కూడా పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫోను భర్త ముందుకు జరిపింది.

“తీయండి.”

“మళ్ళీనా? అన్నం తినేటప్పుడా!”

“అదే కావాలి.”

“మేం తిన్నాక తీయించుకోకూడదుటమ్మా?” అన్నారు అత్తగారు.

“కూడదత్తయ్యా” అని ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. వేడివేడి అన్నం. ఇంత వేడిగా తిని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

భర్త విసుక్కుంటూ ఒకటి తీసి, ఫోను బల్ల మీద పడేశాడు.

“అయిపోయిందిగా, ఇంక లే. అమ్మకి మంచినీళ్ళు కావాలిట.”

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది.

“ఫోటో అయిందండీ. నేను తినడం అవలేదు.”